సాదుకోవాలనుకుంటే గెట్టు మీది జెర్రిపోతును సాదండి

మా చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాళ్లది జనగామ దగ్గర ఒక పల్లె. పోయిన వానాకాలం ఒక ఆదివారం ఫోన్ పట్టుకొని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎక్కడో అమెరికాలో, వాడి ఈడు పిల్లవాడు పసుపు మచ్చల కొండచిలువను మెడలో కండువాలా వేసుకొని నవ్వుతున్నాడు. "మామా, గిట్ల మనం గూడ ఒకదాన్ని సాదుకుందామా? అమ్మతోని నువ్వే చెప్పాలె" అన్నాడు.

నేను వెంటనే వద్దనలేదు. పాము కనబడగానే కట్టె వెతికే ఊళ్లో, ఒక పిల్లవాడు పామును దగ్గరికి తీసుకుందామని అడగడం నాకు నిజంగా సంతోషం అనిపించింది. ఆ ఇష్టాన్ని అణచకూడదు. అలాగని దాన్ని తప్పుదారి పట్టనివ్వకూడదు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ఇలాంటి కోరిక ఉన్న ప్రతి పిల్లవాడికీ, వాళ్ల ఇంటి పెద్దలకూ పనికొస్తుందని, ఆ రోజు వాడికి చెప్పిన మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట చట్టం ఏమంటుందో తెలుసుకోండి

మన దేశపు అడవి పామును ఇంట్లో పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. దాన్ని చంపడమే కాదు, పట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. 2022లో ఈ చట్టాన్ని సవరించారు. నాగుపాము, రక్తపింజర, కొండచిలువ, జెర్రిపోతు ఇప్పుడు పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఆ షెడ్యూల్లోని జంతువు జోలికి పోతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా పడతాయి.

"మా బాయికాడ దొరికింది, చిన్న పిల్లే, విషం లేదు" అన్నా చట్టం ఒప్పుకోదు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్షలు కురుస్తాయని చెప్పేవాళ్ల మాట అసలే వినకండి. ఆ పాముకు ఉన్నది ఒకటే తల. దాని తోక మొండిగా తలలాగే ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. అడిగేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ జైలుకు పోయే బేరం అది. మధ్యలో చచ్చేది మాత్రం మట్టిలో దూరి బతికే ఆ నోరులేని జీవి.

బయటిదేశపు పాము మాటేమిటి?

మా వాడు చూసిన వీడియోలోది బాల్ పైథాన్. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల కొండచిలువ. మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది. బెదిరితే తల లోపల పెట్టుకొని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. నెమ్మదైన పాము కావడంతో అమెరికా, ఐరోపా దేశాల్లో కొత్తగా పాములు పెంచేవాళ్లు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న జంతువుల జాబితాలో ఇది ఉంది. అలాంటి జంతువు ఎవరి దగ్గరున్నా పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాలు లేకుండా ఎవరైనా అమ్మజూపితే, అది దొంగదారిన వచ్చిన పామని అనుకోవాల్సిందే.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. అప్పుడైనా ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

మొదటిది వేడి. పాముకు తన ఒంటి వేడిని తానే తయారుచేసుకునే శక్తి లేదు. అందుకే పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీలు, ఇంకో పక్క 25 డిగ్రీల చుట్టూ ఉండాలి. వేడి కావాలంటే అటు, చల్లదనం కావాలంటే ఇటు జరుగుతుంది. మే నెలలో జనగామ రేకుల ఇంట్లో 43 డిగ్రీల వేడిలో కరెంటు పోతే ఆ పాము ఎటు జరుగుతుంది? పెట్టెలో ఉన్న పాముకు చెట్టు నీడ లేదు, పుట్ట లోపలి చల్లదనం లేదు.

రెండోది తిండి. దానికి ఎలుకలే కావాలి. బతికున్న ఎలుకను పెట్టెలో వేస్తే పామునే కొరికి గాయం చేయగలదు. అందుకే తెలిసినవాళ్లు గడ్డకట్టించిన ఎలుకలను కరిగించి, వెచ్చబెట్టి పెడతారు. మీ ఇంట్లో కూరగాయలు పెట్టే ఫ్రిజ్‌లో వాటికి చోటిస్తారా? పైగా ఈ పాము ఒక్కోసారి నెలల తరబడి ఏమీ ముట్టదు. అది రోగమో, దాని గుణమో తేల్చగల పశువైద్యుడు మీకు దగ్గర్లో ఉన్నాడా?

మూడోది ఆరోగ్యం. పాములు, తాబేళ్లు, బల్లుల ఒంటిమీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు, ముసలివాళ్లకు అది ప్రమాదం. నాలుగోది ఆయుష్షు. చక్కగా చూసుకుంటే ఈ పాము ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు చదువుకోసం హైదరాబాద్ పోతాడు, ఉద్యోగం కోసం ఇంకెక్కడికో పోతాడు. పాము మాత్రం అమ్మ నెత్తిన పడుతుంది.

"యాష్టకొస్తే చెరువు కట్టమీద వదిలేద్దాం" అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపకందారుల చేతుల్లోంచి బయటపడ్డ బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో పెరిగిపోయి, అక్కడి చిన్న జంతువులను ఊడ్చేశాయి. వాటిని వెతికి పట్టడానికి 2017లో తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుళ తెగ పెద్దలను పిలిపించుకున్నారు. మాసి సడయ్యన్, వడివేల్ గోపాల్ అనే ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇదంతా విన్నాక మా వాడి ముఖం చిన్నబోయింది. "అయితే పాము లేనట్టేనా మామా?" అన్నాడు. "ఉన్నది. మీ బాయికాడనే ఉన్నది. దాన్ని తెచ్చుకునుడు లేదు, నువ్వే దాని కాడికి పోవాలె" అన్నాను.

మీ మొదటి పాముగా జెర్రిపోతును ఎంచుకోండి

పెట్టెలో పెట్టి పెంచడం ఒక్కటే సాదడం కాదు. ఒక జీవి బతికే చోటును కాపాడి, దాని రాకపోకలు గమనిస్తూ, దానికి ఆపద వస్తే అడ్డం నిలబడడం కూడా సాదడమే. అలా సాదడానికి మొదటి పాముగా జెర్రిపోతును మించింది లేదు.

విషం లేదు. పగటిపూట తిరుగుతుంది కాబట్టి మనకు కనిపిస్తుంది. ఏడెనిమిది అడుగుల దాకా పెరుగుతుంది కాబట్టి చూసిన కళ్లు మరిచిపోవు. వరి ఒడ్డు మీద, గడ్డివాము పక్కన, పత్తి చేను గెట్టు మీద సర్రున పోయేది ఎక్కువసార్లు ఇదే. ఎలుకలు, కప్పలు, తొండలు దాని తిండి. పందికొక్కు బొరియలో కుప్పపోసుకున్న వడ్లను తవ్వి చూసిన రైతుకు, ఆ బొరియలోకి దూరగల పాము విలువ వేరే చెప్పక్కర్లేదు.

గుర్తుపట్టడం నేర్చుకోండి. కన్ను పెద్దది, నల్లపాప గుండ్రం. పెదవుల మీది పొలుసుల అంచుల్లో కాటుక గీతల్లాంటి నల్లగీతలుంటాయి. ఒళ్లు గోధుమ రంగు, ఒక్కోసారి పసుపు, ఒక్కోసారి నలుపు. వెనక సగం మీద అడ్డంగా నల్లటి గీతల అల్లిక ఉంటుంది. మెడ సన్నగా ఉంటుంది, పడగ ఉండదు. చిక్కుకుపోతే మెడ ఉబ్బించి బుస కొడుతుంది, కరుస్తుంది కూడా. ఆ బుస వినే చాలామంది నాగుపాము అనుకొని చంపేస్తారు.

దీని మీద మన ఊళ్లలో ఎన్ని కథలో! బర్రె కాళ్లకు చుట్టుకొని పాలు తాగుతుందంటారు. పాము నోటికి పాలు పీల్చే అమరిక లేదు. ఆ వరుసల పళ్లు తగిలితే బర్రె నిలబడదు కూడా. కొట్టంలోకి అది వచ్చేది దాణా కోసం వచ్చే ఎలుకల వెంట. తోకతో కొడితే ఒళ్లు కుళ్లుతుందంటారు. దాని తోకలో ముల్లూ లేదు, విషమూ లేదు. నాగుపాముకు ఇది మగడంటారు. రెండూ వేర్వేరు జాతులు. రెండు పాములు పెనవేసుకొని లేచి ఆడుతుంటే సయ్యాట అని కొత్తబట్ట కప్పుతారు కదా, అది ఎక్కువసార్లు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఒకదాని తల ఇంకొకటి కిందికి వంచాలని చూస్తుంది. ఓడింది వెళ్లిపోతుంది. దూరంగా నిలబడి చూడండి, జనాన్ని మీదికి పోనీయకండి.

దాని ఇల్లు, దాని తిండి, దాని ఆపదలు

పెంపుడు పాముకు పెట్టె, వేడి, నీళ్లు, దాక్కునే చోటు కావాలి. గెట్టు మీది పాముకు కావలసినవీ అవే. మనం కొత్తగా ఇవ్వాల్సింది ఏమీ లేదు, ఉన్నది చెడగొట్టకుండా ఉంటే చాలు.

పుట్టను తవ్వకండి. చెదలు కట్టిన పుట్టలో ఎండాకాలం కూడా చల్లదనం నిలుస్తుంది. నాగులపంచమికి పుట్టలో పాలు పోస్తాం. పాములు పాలు తాగవు. లోపల పోసిన పాలు, గుడ్లు కుళ్లి ఆ ఇల్లే పాడవుతుంది. పూజ మానమని నేను అనను. పుట్ట బయట పసుపు కుంకుమ పెట్టి, పాలు పిల్లలకు పంచి, ఆ ఏడాదంతా పుట్ట మీద గడ్డపార పడకుండా చూసినా నాగదేవతను కొలిచినట్టే.

పాము ఆడించేవాళ్లకు ఆ రోజు డబ్బులివ్వకండి. పాము పాలు తాగినట్టు కనబడాలని రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండబెడతారు. కోరలు పీకుతారు, నోరు కుడతారు. దాహంతో అల్లాడే జీవి ఏ తడికైనా మూతి పెడుతుంది.

వరికొయ్యలకు నిప్పు పెట్టకండి. ఆ మంటకు పాము పిల్లలు, కప్పలు, తొండలు అన్నీ పోతాయి. ఎలుకలు మాత్రం బొరియల అడుగున బతికిపోతాయి. ఎలుకల మందు పెట్టేముందు కూడా ఆలోచించండి. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను మింగే పాముకూ, గద్దకూ, గుడ్లగూబకూ ఆ విషం ఎక్కవచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా, కూరగాయల మడి చుట్టూ కట్టే పాత చేపల వల తీసేయండి. ఎందుకు చెబుతున్నానో చెప్పాలి. మా చెల్లెలు కోళ్లు రాకుండా బెండ మడి చుట్టూ నైలాన్ వల కట్టింది. ఒక పొద్దున మా వాడు ఫోన్ చేశాడు. జెర్రిపోతు ఒకటి వల కన్నులో తల దూర్చి, ముందుకు పోయే కొద్దీ బిగుసుకొని, వెనక్కి రాలేక పడి ఉంది. నేను పోయేసరికి దారం పొలుసుల కిందికి దిగి మెడ దగ్గర సన్నగా నెత్తురు కనబడుతోంది. మేం ముట్టుకోలేదు. దాని మీద గోనెసంచితో నీడ పట్టి, అటవీశాఖకు ఫోన్ చేశాం. బీట్ ఆఫీసర్, పాములు పట్టడం తెలిసిన ఒకాయన బండి మీద వచ్చారు. ఆయన పాము తలమీద తడిబట్ట కప్పగానే అది కొట్టుకోవడం తగ్గింది. మొనలేని చిన్న కత్తెరతో, పాముకూ దారానికీ మధ్య వేలు పెట్టి, ఒక్కొక్క పోగే కత్తిరించారు. పావుగంట పట్టింది. చివరి పోగు తెగినప్పుడు పాము వెంటనే కదల్లేదు. నాలుక రెండుసార్లు బయటపెట్టి, గాలిని రుచి చూసి, అప్పుడు మెల్లగా గెట్టు దాటింది. మా చెల్లెలు ఆ సాయంత్రమే వల పీకేసి సర్కారు తుమ్మ కంపతో దడి కట్టింది.

దూరం నుంచే దండం పెట్టాల్సిన నాలుగు

జెర్రిపోతును గుర్తుపట్టడం వచ్చినంత మాత్రాన ఏ పామునూ చేత్తో పట్టకండి. ఈ మాటలో సడలింపు లేదు. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.

పేర్ల గురించి ఒక సంగతి చెప్పాలి. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి పాములను తెలుగువాళ్ల పేర్లతోనే రాసుకున్నాడు. ఆయన పుస్తకం 1796లో అచ్చయింది. అందులో రక్తపింజర పేరు కాటుక రేకుల పొడ. ఒంటిమీది మచ్చల చుట్టూ కాటుక దిద్దినట్టుండే నల్ల అంచును ఇంత చక్కగా చెప్పిన పేరు ఇంకోటి లేదు. బంగారు పాము అని ఆయన రాసుకున్న తెలుగు పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. పాములను మన పెద్దలు ఎంత దగ్గరగా చూశారో ఆ పేర్లే సాక్ష్యం. ఆ చూపు మనకు మళ్లీ రావాలి.

కట్లపాము నల్లగా నిగనిగలాడుతూ, సన్నటి తెల్ల కట్లతో ఉంటుంది. రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం చూస్తే వెంటనే అనుమానించండి. మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోవడమే దీనికి తగిన కాపలా. రక్తపింజర లావుగా, గొలుసుకట్టు మచ్చలతో, కుక్కర్ విజిల్ వేసినట్టు బుస కొడుతుంది. వరికోతల్లో, గడ్డి మోపుల్లో జాగ్రత్త. చిన్న పింజర మూరెడే ఉంటుంది, పొలుసులు రాపాడించి రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. రాళ్ల కుప్పలు, ఎండు చెలకలు దాని చోట్లు.

రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు పెట్టడానికి పోయే రైతు, స్టార్టర్ డబ్బాలో చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడాలి. భూపాలపల్లి వైపు పత్తి ఏరేవాళ్లు, మహబూబాబాద్ వైపు మిర్చి ఏరేవాళ్లు ముందు కట్టెతో మొదళ్లు కదిలించి తర్వాత చెయ్యి పెట్టాలి. ఇంటి గోడకు ఆనించి పత్తికట్టె పేర్చకండి.

కాటు పడితే

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. అందుకే పామును ఇష్టపడే ప్రతివాడికీ ఈ పాఠం నోటికి రావాలి.

"పురుగు ముట్టింది" అని ఎవరైనా అనగానే మనిషిని పడుకోబెట్టండి. ధైర్యం చెప్పండి. నడవనీయకండి, పరిగెత్తనీయకండి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీసేయండి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. కరిచిన కాలికో చేతికో కట్టె బద్ద పెట్టి కదలకుండా వదులుగా కట్టండి. బిగించి తాడు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరు పోయకండి. కాటు పడ్డ టైం గుర్తుపెట్టుకొని 108కి ఫోన్ చేయండి. పామును చంపి తీసుకుపోవాల్సిన పని లేదు. ఆ ప్రయత్నంలోనే రెండో మనిషికి కాటు పడుతుంది. మనకు వాడే మందు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి పనిచేసేదే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్లా 2023లో మొదలయ్యాయి. పెద్ద దిక్కుగా వరంగల్ ఎంజీఎం ఎప్పటినుంచో ఉంది. మంత్రం వేసే పెద్దమనిషిని గౌరవించండి, మీ టైం మాత్రం ఆయనకు ఇవ్వకండి. మంత్రంతో బతికారని చెప్పుకునేవాళ్లలో చాలామందిని కరిచింది విషంలేని పామే, లేదా విషం దింపని కాటే.

ఈ నెల చేయాల్సిన పనులు

1. జెర్రిపోతుతో పాటు ఆ నాలుగు విషపాముల బొమ్మలు చూసి, ఒక్కోదానికి మూడు గుర్తులు నోట్‌బుక్‌లో మీ మాటల్లో రాయండి.

2. మీ అటవీ బీట్ ఆఫీసర్ నంబర్, దగ్గరి ప్రభుత్వాసుపత్రి నంబర్, 108 ఒకే కాగితం మీద రాసి తలుపు వెనక అతికించండి.

3. మడి చుట్టూ నైలాన్ వల ఉంటే తీసేయండి. మోట బాయిలో పడ్డ జీవులు ఎక్కి రావడానికి ఒక పొడవాటి కొమ్మ వాల్చి పెట్టండి.

4. గెట్టు మీద ఒక పుట్టనో పొదనో "దీన్ని ముట్టం" అని ఇంట్లో అందరూ కలిసి ఒప్పుకోండి.

5. పాము కనబడిన ప్రతిసారీ తేదీ, టైం, చోటు, అది చేస్తున్న పని రాయండి. కనీసం పది అడుగుల దూరం పాటించండి.

మా వాడి నోట్‌బుక్‌లో ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి. మొన్న బాయి పక్క రాళ్ల మధ్య కుబుసం కనబడిందట. అమ్మ జాకెట్లు కుట్టే టేపు తెచ్చి, ముట్టుకోకుండా పక్కన పరిచి కొలిచాడు. ఏడు అడుగుల రెండు అంగుళాలు. కుబుసం విడిచేటప్పుడు సాగుతుంది కాబట్టి అసలు పాము కొంచెం పొట్టిదని కింద రాసుకున్నాడు. "ఇంటికి తెచ్చినవా?" అని అడిగాను. "లేదు మామా, ఆడనే ఉంచిన. మనదే గదా, యాడికి పోతది?" అన్నాడు.